కుట్టిన కూపన్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటారు. అది అన్యాయం. నా కోపం ముక్కు దాకా రావడానికి కొంత టైము తీసుకుంటుంది. ఆలోగా ఎదుటివాళ్ళు మాట మార్చుకుంటే నేనేమీ అనను. ఆ ఆదివారం పొద్దున మా మామయ్యగారు మాత్రం మాట మార్చుకోలేదు.

ఆయన బ్రెడ్డు ముక్కను టీలో ముంచి, అది విరిగి కప్పులో పడకముందే నోట్లో పెట్టుకుని, నింపాదిగా నమిలి మింగి, అప్పుడు చెప్పారు. "వచ్చే నెల ఒకటో తారీఖున పెద్దాడి ఇంటికి వెళ్ళిపోతానమ్మా."

"ఎన్ని రోజులకి?" అన్నాను.

"వెళ్ళిపోతానన్నాను. వెళ్ళొస్తాననలేదు."

కారణం నాకు తెలుసు. మా ఆయన సిటీ బస్సు నడుపుతారు. ఆ నెల నుంచి ఆయనకి సాయంత్రం డ్యూటీ తీసేశారు, దాంతో జీతం తగ్గింది. ముందురోజు నేను సామాన్లు తెచ్చి బల్ల మీద పెడితే, ఆయన బిల్లు విప్పి రెండు చేతులా చాచి పట్టుకుని, "ఇది బిల్లా, బస్సు టికెట్ల చుట్టా? ఉన్నది ముగ్గురం, ముప్పై మంది తిన్నట్టుంది!" అన్నారు. ఆయన మాటల్లో విషం ఉండదు, చప్పుడే ఉంటుంది. కానీ మా ఇంట్లో గోడలు అట్టముక్కలంత పల్చన. గోడకి అవతల కూర్చున్న మామయ్యగారికి "ముగ్గురం" అన్న మాట ఒక్కటీ గుచ్చుకుంది.

మామయ్యగారు నలభై ఏళ్ళు పుస్తకాల బైండింగు చేశారు. కాలేజీ లైబ్రరీల వాళ్ళు చిరిగిపోయిన పుస్తకాలు బస్తాల్లో పంపితే, ఆయన వాటిని విప్పి, కుట్టి, అట్టలు వేసి, పెళ్ళికి తయారైనంత ముస్తాబుగా వెనక్కి పంపేవారు. ఆ తరవాత బస్తాలు రావడం తగ్గింది. రెండేళ్ళ కిందట దుకాణం మూసేశారు. కళ్ళు బాగున్నాయి, చేతులు బాగున్నాయి, పనే లేదు. అప్పటి నుంచి ఇంట్లో ఏ కాగితం కనిపించినా దాని మడత సరిచేస్తూ కూర్చుంటారు.

నేను బట్టలుతికి ఇస్త్రీ చేసిచ్చే దుకాణంలో కౌంటరు దగ్గర పని చేస్తాను. రోజూ ఎవరో ఒకరు చీటీ పారేసుకుని వచ్చి కోటు ఇమ్మంటారు, నేను ఇవ్వనంటాను, గొడవవుతుంది. సాయంత్రం ఇంటికొచ్చి ఆ గొడవంతా చెబితే మా ఆయన కళ్ళు మూసుకుని వింటారు. మామయ్యగారు కళ్ళు తెరుచుకుని వింటారు. "అక్కడ నువ్వన్నది రైటు" అంటారు, లేదా "అక్కడ కొంచెం తొందరపడ్డావు" అంటారు. బావగారి వాళ్ళు మంచివాళ్ళే, ఒక్క మాట అనడానికి లేదు. కానీ పదకొండో అంతస్తులో ఇల్లు, పొద్దున ఏడింటికి వెళితే రాత్రి ఎనిమిదింటికి వస్తారు. అక్కడ మామయ్యగారు గోడ గడియారంతో మాట్లాడుకోవాలి. ఇదంతా ఎందుకు, నాకు ఆయన వెళ్ళడం ఇష్టం లేదు. అంతే.

ఇష్టం లేదని మెత్తగా చెప్పొచ్చు. నాకు మెత్తగా చెప్పడం రాదు.

"మామయ్యా, మీ బాధ సామాన్ల బిల్లేగా? ఈ నెలాఖరుకి దాన్ని నాలుగో వంతు తగ్గించి చూపిస్తాను. మీరు ఇక్కడే ఉండి, ఇదే కుర్చీలో కూర్చుని, ఇదే బ్రెడ్డు ముంచుకుంటూ ఉండగానే తగ్గిస్తాను. అప్పుడు మీరు వెళ్ళడానికి వీల్లేదు."

"తగ్గకపోతే?"

"తగ్గకపోతే మీ పెట్టె నా చేత్తో నేనే సర్దుతాను."

నోరు జారాను. మామయ్యగారు కప్పు కింద పెట్టి, జేబులోంచి పెన్సిలు తీసి, పాత బిల్లు వెనక ఏదో రాసుకున్నారు. "నాలుగో వంతంటే నాలుగో వంతే అమ్మాయ్. ఐదో వంతు తగ్గించి చేతులు దులుపుకుంటే కుదరదు. పోయిన నెల మొత్తంతో ఈ నెల మొత్తం పోల్చి లెక్క."

"మాటంటే మాటే" అన్నాను.

మా ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "నాకు డ్యూటీ టైమైంది" అని ఆదివారం సెలవు రోజున చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయారు.

రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి భయపడి లాభం లేదు. కానీ బిల్లు తగ్గించడం ఎలాగో నాకేం తెలుసు? అప్పుడే కింద వాటా నుంచి కిచకిచమని కత్తెర చప్పుడు వినిపించింది. మా కింద వాటాలో ఉండేది కత్తెరక్క. టెలిఫోను ఆపరేటరుగా రిటైరైంది. ప్రతి ఆదివారం వరండాలో కూర్చుని పేపర్లు కత్తిరిస్తుంది. ఆవిడ పేరు మర్చిపోయి చాలా ఏళ్ళయింది, ఆవిడ కూడా అడగదు. కొడుకూ కోడలూ మనవలూ కలిసి ఆరుగురున్న ఇల్లు, సామాన్ల ఖర్చు మాత్రం మా ఖర్చంతే.

మెట్లు దిగి వెళ్ళి విషయం చెప్పాను. కత్తెరక్క కళ్ళద్దాల మీదుగా చూసింది.

"నెల రోజుల్లో నాలుగో వంతా? పందెం కట్టేముందు నన్నొక మాట అడగొచ్చుగా?"

"అడిగే టైము లేదక్కా. కోపం వచ్చేసింది."

"సరే కూర్చో. చెయ్యి కడుక్కున్నావా? కూపనుకి నూనె అంటితే బార్‌కోడు గీతలు చదవదు దుకాణం మిషను."

చెప్పుల పెట్టె ఒకటి తీసి నా ముందు పెట్టింది. నిండా కూపన్లు. పేపర్లో వచ్చినవి, సబ్బుపొడి పెట్టెల వెనక ఉండేవి, దుకాణం గుమ్మం దగ్గర పంచే కాగితాల్లోవి. వీధి చివరి పెద్ద దుకాణంలో ఒకే వస్తువు మీద కంపెనీ కూపను ఒకటీ దుకాణం కూపను ఒకటీ రెండూ పెట్టొచ్చట. నెలలో ఆఖరి శనివారం ప్రతి కూపనుకీ రెట్టింపు విలువ ఇస్తారట. ఇన్నేళ్ళుగా ఆ దుకాణానికి వెళుతున్నాను, గుమ్మం మీద అంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్నది చదవనే లేదు.

"మూడు ముక్కలు గుర్తుపెట్టుకో" అంది కత్తెరక్క. "తారీఖు చూడు. కింద చీమ తలకాయలంత అక్షరాలు చదువు. అన్నిటికంటే ముందు, ఇంట్లో ఏం కావాలో రాసుకున్నాకే కూపను వెతుకు. కూపన్ని నువ్వు బజారుకి తీసుకెళ్ళాలి గానీ, అది నిన్ను తీసుకెళ్ళకూడదు."

మొదటి రెండూ గుర్తుపెట్టుకున్నాను.

ఆ బుధవారం దుకాణంలో బూటు పాలిషు డబ్బాల మీద రెండు కూపన్లు కలిసొచ్చాయి. మూడు కొంటే మూడు ఉచితం, పైగా ప్రతి మూడింటికీ సగం ధర. ఇంతకాలం ఈ లోకం నన్ను మోసం చేసింది, ఈరోజు నేను లోకాన్ని మోసం చేస్తున్నాను అనిపించింది. పన్నెండు డబ్బాలు కొన్నాను. సంచి బరువుకి చెయ్యి లాగుతున్నా మెట్లన్నీ ఒక్క ఊపులో ఎక్కేశాను.

మా ఆయన ఒక డబ్బా మూత తీసి చూశారు. తరవాత ఇంకొకటి. "ఇది తెల్ల పాలిషు."

"అయితే ఏం? ధర చూడండి!"

"మనింట్లో తెల్ల బూట్లు ఎవరికున్నాయి?"

నేను మా ఆయన కాళ్ళ వైపు చూశాను. నల్ల బూట్లు. మామయ్యగారి కాళ్ళ వైపు చూశాను. రబ్బరు చెప్పులు. నావి చూసుకోలేదు, అవి గోధుమరంగని తెలుసు.

"ఉచితంగా వస్తే ఫినాయిలైనా తాగుతారంటే ఏమో అనుకున్నాను" అన్నారు మా ఆయన. ఆపుకోలేక నవ్వుతున్నారు. పెళ్ళైన కొత్తలో నవ్వినట్టు కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. సాయంత్రం డ్యూటీ పోయినప్పటి నుంచి ఆయన అలా నవ్వడం అదే మొదలు, అందుకని కాసేపు తిట్టకుండా ఊరుకున్నాను. తరవాత తిట్టాను.

మామయ్యగారు నవ్వలేదు. ఆ బిల్లు అడిగి తీసుకుని, మడతపెట్టి జేబులో పెట్టుకున్నారు. కాసేపయ్యాక చూస్తే మంచం కింది పెట్టె బయటికి లాగి, గొళ్ళానికి నూనె రాస్తున్నారు. బిల్లు తగ్గించబోయి పెంచుకున్నాను. మొదటికే మోసం వచ్చేట్టుంది.

కత్తెరక్కకి చెబితే తల పట్టుకుంది. "ఇక ఆఖరి శనివారం దాకా ఒక్క కూపనూ వాడకు. పాలూ కూరగాయలూ తప్ప ఏమీ కొనకు. ఉన్న సరుకుతో లాగించు. కూపన్లు మాత్రం పోగుచెయ్. రెట్టింపు రోజున ఒక్కసారే కొట్టాలి దెబ్బ."

పోగుచెయ్యడంలో నా అంతటి మనిషి లేదు. మా దుకాణానికి వచ్చే బట్టల జేబుల్లో ఏం దొరికినా వెనక్కిచ్చెయ్యాలని మా నియమం. ఇచ్చేటప్పుడు "ఈ టీపొడి కూపను మీకు కావాలాండీ?" అని అడగడం నియమానికి విరుద్ధం కాదు. పదిమందిలో ఎనిమిదిమంది వద్దనేవారు. చీటీ లేకపోతే కోటు ఇవ్వనని నన్ను తిట్టుకునే ఒక లెక్చరరుగారు, నేను నవ్వుతూ అడిగేసరికి కంగారుపడి పర్సులో ఉన్నవన్నీ ఇచ్చేశారు. మా ఆయన బస్సు డిపోలో డ్రైవర్లు చదివి వదిలేసిన పేపర్లన్నీ చంకలో పెట్టుకొచ్చేవారు. వారం తిరిగేసరికి నా హ్యాండుబ్యాగులో, పంచదార డబ్బాలో, దిండు కింద, ఎక్కడ చెయ్యి పెట్టినా కూపన్లే.

ఆ వారమే ఇంకో ఘనకార్యం చేశాను. నా పని కోటు ఇంట్లో నానబెట్టి, ఉతికి, పిండి ఆరేశాను. మర్నాడు జేబులో చెయ్యి పెడితే తెల్లటి ముద్ద తగిలింది. పదహారు కూపన్లు. ఊరందరి జేబులూ వెతికే నేను నా జేబు వెతుక్కోలేదు.

ఆ ముద్దని అరచేతిలో పెట్టుకుని వంటింట్లో నిలబడి ఉంటే మామయ్యగారు వచ్చారు. దాన్ని చూసి, చచ్చిన పిట్టని చూసినట్టు ముఖం పెట్టారు.

"ఇలా ఇవ్వు" అన్నారు.

"ఇది ఇంక పనికిరాదు మామయ్యా."

"అది కాదు. మిగిలినవి. అన్నీ. ఎక్కడెక్కడ దాచావో అన్నీ పట్టుకురా. పంచదార డబ్బాలో కాగితం పెట్టినప్పుడే చెబుదామనుకున్నాను. పందెం కాబట్టి నోరు మూసుకున్నాను."

అన్నీ తెచ్చి ఆయన మంచం మీద కుప్పపోశాను. ఆయన దుప్పటి సరిచేసి, కిటికీ తలుపు పూర్తిగా తెరిచి, ఒక్కొక్కటీ వెలుగుకి ఎత్తి చూడ్డం మొదలుపెట్టారు. తారీఖుల వారీగా ఒక వరస, వస్తువుల వారీగా ఒక వరస. వంకరగా కత్తిరించినవాటి అంచులు సరిచేశారు. మడతలు పడ్డవాటిని గాజు సీసాతో రుద్దారు. "ఈ టీపొడిది ఇరవై ఎనిమిదో తారీఖుతో సరి. ఈ నూనెది ఇంటికి ఒకటే అట. ఈ సబ్బు కూపను వెనకాలే బిస్కెట్ల కూపను ఉంది, చూశావా? నువ్వైతే ఒకటి వాడి రెండోది పారేసేదానివి." ఆయన గొంతులో దర్జా. రెండేళ్ళుగా నేను వినని దర్జా అది. సాయంత్రం నేను పని నుంచి వచ్చి భోజనానికి పిలిచినా పలకలేదు. సన్నగా ఏదో కూనిరాగం తీస్తున్నారు.

నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. తను వెళ్ళకుండా ఆపే పందేనికి తనే పని చేస్తున్నారన్న సంగతి ఆయనకి తెలుసో లేదో. నేనైతే గుర్తుచెయ్యలేదు.

ఆఖరి వారంలో ఆయన గది తలుపు వేసుకోవడం మొదలుపెట్టారు. "శనివారానికి సిద్ధం చేస్తాను, నువ్విటు రాకు" అన్నారు. వంటింట్లో మైదాపిండి రెండు గరిటెలు తగ్గింది. నా కుట్టుపెట్టెలో మైనపు దారం ఉండ మాయమైంది. నేను పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

శనివారం పొద్దున మా ఆయన డ్యూటీ మార్పించుకుని మరీ ఇంట్లో ఉన్నారు. మామయ్యగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని గదిలోంచి వచ్చి, రెండు చేతులతో నా ముందు ఒక పుస్తకం పెట్టారు.

నీలం గుడ్డ వెన్ను. గట్టి అట్టలు. మూలలు ఎర్ర గుడ్డతో కప్పి ఉన్నాయి. మీద తెల్ల కాగితం అతికించి, గుండ్రటి అక్షరాలతో "కూపన్లు" అని రాశారు. విప్పితే మొదటి పేజీ టీపొడి, పంచదార. రెండో పేజీ నూనె, పిండి. దుకాణంలో అరలు ఏ వరసలో ఉంటాయో కత్తెరక్కని అడిగి మరీ ఆ వరసలో పెట్టారు. ప్రతి కూపనూ నాలుగు అంచులా మైదా జిగురుతో అతికించి, ఎక్కడా బుడగ లేకుండా నొక్కి ఉంది. రెండువైపులా కూపన్లున్న కాగితాలకి పేజీలో చిన్న కిటికీ కోసి, ఇటు నుంచి ఒకటి, అటు నుంచి ఒకటి కనపడేట్టు పెట్టారు. అలాంటి పనితనం నేనెప్పుడూ చూడలేదు.

"విడిగా ఉంటే కాగితం చెత్తే అమ్మా. కుడితేనే పుస్తకం" అన్నారు మామయ్యగారు. "ఇంక ఒక్కటి కూడా పోదు. కౌంటరులో ఇలా తిప్పి చూపించు, చాలు."

చూపిస్తే చాలదు. కూపను కాగితం వాళ్ళకి ఇచ్చెయ్యాలి. ఆయన ఎప్పుడూ ఆ కౌంటరు చూడలేదు. కొడుకు బస్సులో పాసు చూపించినట్టు చూపిస్తే సరిపోతుందనుకున్నారు.

మా ఆయన నా చెవి దగ్గరికి వచ్చి, "ఇవి చింపి ఇవ్వాలి కదూ?" అన్నారు.

"నోరు మూసుకోండి" అన్నాను మెల్లిగా. "మామయ్యా, చాలా బాగుంది" అన్నాను గట్టిగా. రెండూ మనస్ఫూర్తిగానే అన్నాను.

దుకాణం కిటకిటలాడుతోంది. మామయ్యగారు పుస్తకం తెరిచి పట్టుకుని ముందు నడుస్తుంటే, మా ఆయన బండి తోస్తూ వెనక వస్తున్నారు. "మూడో పేజీ, ఎడమ వైపు, సబ్బులు నాలుగు" అని మామయ్యగారు చదవడం, నేను తీసి బండిలో వెయ్యడం. ముందు ఏం కావాలో రాసుకున్న చీటీ నా చేతిలో ఉంది. అందులో లేని వస్తువు ఒక్కటీ ముట్టలేదు. ఈ సంబరం చూసి వెనక ఇద్దరు ముగ్గురు మాతో పాటే నడిచారు. ఒకావిడ "తాతగారూ, పేస్టు ఏ పేజీలో ఉంది?" అని అడిగింది. ఆయన పేజీ తిప్పి చూపించారు కూడా. కౌంటరు దగ్గరయ్యే కొద్దీ నా నడక నెమ్మదైంది.

వరసలో మా వెనకే కత్తెరక్క. పుస్తకం చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది.

కౌంటరమ్మాయి సామాన్లన్నీ కొట్టి, "కూపన్లు ఇవ్వండి" అంది. నేను పుస్తకం ఇచ్చాను. ఆ అమ్మాయి విప్పి చూసి, "అబ్బ!" అంది. తరవాత పేజీ మూల పట్టుకుని చింపబోయింది.

"చింపకు!" అన్నారు మామయ్యగారు. ఆయన అంత గట్టిగా అరవడం మేమెవరమూ ఎప్పుడూ వినలేదు.

"తాతగారూ, ఇవి మా పెట్టెలో పడాలండీ. కాగితం లేకపోతే కంపెనీవాళ్ళు మాకు డబ్బు ఇవ్వరు. ఊరికే చూసి ధర తగ్గించడానికి రూలు లేదు."

నేను బతిమాలదామని నోరు తెరిచాను. చీటీ లేనిదే కోటు ఇవ్వనని రోజుకి నలుగురితో పోట్లాడేదాన్ని, ఆ అమ్మాయిని ఏమని అడగను? ఆ అమ్మాయి అన్నది రైటు. మేనేజరు వచ్చాడు. పుస్తకం అటూ ఇటూ తిప్పి, వెన్నుని వేలితో నిమిరి, "ఎవరు చేశారండీ ఇది?" అని అడిగాడు. అడిగి, "కానీ కాగితం రావాలండీ" అన్నాడు పాపం. వెనక వరసలో దగ్గులు మొదలయ్యాయి.

"ఫరవాలేదు మామయ్యా" అన్నాను. "కూపన్లు వద్దు. పూర్తి ధర కట్టేద్దాం. పుస్తకం ఇంటికి తీసుకెళదాం." ఆ మాట అంటే పందెం ఓడిపోయినట్టేనని నాకు తెలుసు. అయినా ఆ పేజీలు చింపుతుంటే ఆయన ముఖం చూడలేను.

మామయ్యగారు నా వైపు చూశారు. బండిలో ఉన్న సామాన్ల వైపు చూశారు. తరవాత వెనక్కి తిరిగి, "అక్కయ్యగారూ, ఒకసారి మీ కత్తెర" అని చెయ్యి చాచారు. కత్తెరక్క తన కత్తెర సొంత కోడలికి కూడా ఇవ్వదు. సంచిలోంచి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"చింపితే గీతలు తెగుతాయి, మీ మిషను చదవదు" అన్నారాయన కౌంటరమ్మాయితో. "కుట్టినవాడికి విప్పడం తెలుసు. రెండు నిమిషాలు."

పుస్తకాన్ని సరిగ్గా మధ్యకి తెరిచారు. కత్తెర మొన దారం కిందికి పోనిచ్చి, టక్కుమని ఒక కుట్టు తెంపారు. పైకి ఒకటి, కిందికి ఒకటి. దారాన్ని వేలికి చుట్టుకుంటూ లాగితే అది పేజీ పేజీనీ వదిలేస్తూ వచ్చేసింది. ఒక్క అంచు చిరగలేదు. చొక్కా చేతులు మడుచుకుని, కౌంటరు మీద వంగి, తను వారం రోజులు కుట్టిన దాన్ని ఆయన తన చేత్తోనే విప్పుతుంటే వరసలో ఒక్కరూ దగ్గలేదు. మా ఆయన పక్కకి తిరిగి సబ్బుల ధరలు చదువుతున్నట్టు నిలబడ్డారు.

"నలభై ఏళ్ళలో నేను కుట్టింది నేను విప్పడం ఇదే మొదలు" అన్నారు మామయ్యగారు. కౌంటరమ్మాయి బిక్కముఖం చూసి, "ఏం పర్లేదమ్మా, కుట్టడం కంటే ఇదే తేలిక" అని నవ్వారు కూడా.

ఆ అమ్మాయి పేజీలు ఒక్కొక్కటే మిషను కింద పెట్టింది. కిటికీ పేజీలు తిప్పి పెట్టింది. టింగు, టింగు, టింగు. అంకె కిందికి జారుతుంటే వెనకవాళ్ళు గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టారు. సగం దాటి కిందికి పడినప్పుడు ఎవరో ఈల వేశారు. కత్తెరక్క చప్పట్లు కొట్టింది. నేను మేనేజరు చెయ్యి పట్టుకుని ఊపేశానట, నాకు గుర్తులేదు.

మామయ్యగారు మాత్రం జేబులోంచి నెల బిల్లులన్నీ తీశారు. పెన్సిలు తీశారు. సంచి మీద లెక్క వేశారు. మళ్ళీ వేశారు.

"ఎంత మామయ్యా?"

"నాలుగో వంతుకి కొంచెం తక్కువ తగ్గింది."

"కొంచెమంటే?"

"రెండు సబ్బులంత."

"ఏ సబ్బులు?"

"చిన్నవే" అన్నారు.

తెల్ల పాలిషు. ఆ పన్నెండు డబ్బాలు లేకపోతే గెలిచేదాన్ని. ఐదో వంతు తగ్గించి చేతులు దులుపుకుంటే కుదరదన్న మనిషి ఈయన. మాటంటే మాటేనన్న మనిషిని నేను. నాకు ఏడుపు వచ్చేసింది, కోపమూ వచ్చేసింది, అంతమంది ఎదుట ఏది ముందు బయటపెట్టాలో తెలియక ముక్కు తుడుచుకుంటూ నిలబడ్డాను.

"అమ్మా, ఇవి మీవే" అంది కౌంటరమ్మాయి. కూపన్ల పేజీలు పెట్టెలో వేసేసి, మిగిలిన కాగితాలు నా వైపు తోసింది. "ఇవి ఖాళీవి."

సంచిలో పడేద్దామని తీసుకున్నాను. ఖాళీవి కావు. మొదటి దాని మీద, పైన, పెన్సిలుతో గుండ్రటి అక్షరాల్లో "ఏప్రిల్" అని ఉంది. కింద సన్నటి గీతలతో గళ్ళు. టీపొడి, నూనె, సబ్బులు. తిప్పాను. "మే". తిప్పాను. "జూన్". గబగబా చివరి దాకా తిప్పాను. పన్నెండు నెలలు ఉన్నాయి, వచ్చే మార్చి దాకా.

"ఇవేంటి మామయ్యా?"

ఆయన విప్పిన దారాన్ని ఉండగా చుడుతూ నా వైపు చూడలేదు. "అవి వచ్చే నెలల కూపన్లకి."

"మీరు ఒకటో తారీఖున వెళ్ళిపోతున్నారుగా? నేను పందెం ఓడిపోయానుగా?"

"ఓడిపోయావు. పన్నెండు డబ్బాల తెల్ల పాలిషు కొన్నవాళ్ళు ఓడిపోక ఏం చేస్తారు?" దారపు ఉండ జేబులో వేసుకున్నారు. "కానీ ఆ పేజీలు నేను మంగళవారమే కుట్టేశానమ్మా. అప్పటికి ఈ బిల్లు రానేలేదు. వెళ్ళేవాడైతే ఇన్ని పేజీలు ఎందుకు కుడతాడు? దారం దండగ కాదూ?"